టెడ్డీకి ప్రాణం పోసిన ఆదివారం

మొన్న ఆదివారం విశాఖలోని మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కుక్కలకు సీపీఆర్ ఎలా చేయాలో నేర్పారు. నేర్పింది పశువుల డాక్టరు కాదు, ఫోన్‌లో రెండు వీడియోలు చూసిన మా సెక్రటరీ గారు. రోగి టెడ్డీ బేర్. దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో నోరు పెట్టి ఊదుతుంటే నలుగురు వీడియో తీశారు. ఐదో ఆయన రీల్‌కి పాట వెతుకుతున్నాడు.

విద్యను తప్పుపట్టను. దీనికోసం పశువైద్యులు ‘రికవర్’ పేరిట 2012లో పద్ధతులు రాసుకున్నారు, 2024లో సవరించుకున్నారు. ఊపిరి ఆగిన కుక్కను చాలావరకు పక్కకే పడుకోబెట్టాలి. వెల్లకిలా అన్నది బుల్‌డాగ్‌లాంటి పీపా ఛాతీ వాటికే. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు. ముప్పై నొక్కులకు రెండుసార్లు ఊదాలి, అదీ నోరు మూసిపట్టి ముక్కులోకి. ఇన్నీ తెలిసిన డాక్టర్లు ఆస్పత్రిలోనే చేసినా, గుండె ఆగిన వంద కుక్కల్లో పదైనా ఇంటికి రావు. నేనీ మాట అంటుండగా ఫోన్లన్నీ జేబుల్లోకి వెళ్లిపోయాయి.

సరే, సెల్లార్ వదిలి పైకి వెళ్దాం. మూడో అంతస్తులో ఒక హస్కీ ఉంది. మంచులో బండి లాగే జాతి. మే నెలలో పొద్దున్న పదకొండింటికి దాన్ని బీచ్ రోడ్డులో తిప్పుతారు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి ఒగర్చడమే దానికి ఏసీ. మన విశాఖ ఉక్కపోతలో ఆ ఏసీ సగం పనిచేయదు. వడదెబ్బ తగిలితే ముందు ఒళ్లంతా నీళ్లతో తడిపి, గాలి తగలనిచ్చి, ఆ తర్వాత ఆస్పత్రికి పరిగెత్తాలి. ఆ హస్కీ ఓ రోజు అలా స్పృహ తప్పితే, ఇంటివాళ్లు మాత్రం దాని నోట్లో గ్లూకోజు నీళ్లు పోశారు. అవి ఊపిరితిత్తుల్లోకి పోకపోవడం దాని అదృష్టం.

రెండో అంతస్తు పిల్లికి ఒళ్లు వేడిగా ఉందని అర మాత్ర పారాసిటమాల్ వేయబోయారు. పిల్లికది విషం. ఆవిడే ఆదివారం ముందు వరసలో కూర్చుని నోట్సు రాసుకున్నారు.

ఇళ్ల సంగతి అలా ఉంటే, మా విశాఖ ఫ్యాక్టరీల ఊరు కూడా. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ విషవాయువు లీకైనప్పుడు పన్నెండు మంది మనుషులతో పాటు పశువులూ చచ్చిపోయాయి. కాళ్లున్న మనిషే రోడ్డు మీద కూలిపోయిన ఆ వేళ, గుంజకు కట్టేసిన గేదె ఎటు పరిగెడుతుంది? అప్పుడు కావలసింది తాడు విప్పే చెయ్యి.

క్లాసు అయ్యాక చప్పట్లు, సమోసాలు. మా వాచ్‌మన్ శ్రీకాకుళం మనిషి, ప్లేట్లు తీస్తూ అడిగాడు: “సారూ, నొక్కడం బాగానే ఉందండి. ఆళ్లు ఊరెల్లిపోతే ఆ కుక్క గొలుసుకేసిన తాళంచెవి ఎవరి కాడ ఉంటాదండి?”

“అది వచ్చే క్లాసులో” అన్నారు సెక్రటరీ గారు, టెడ్డీని చంకన పెట్టుకుని లిఫ్ట్ ఎక్కుతూ.