వయా ఖరగ్‌పూర్

విశాఖలో మేడెక్కితే సముద్రం కనబడే ఇంట్లో ఉంటూ మా బావగారికి సముద్రం చూడాలని బుద్ధి పుట్టింది. బెంగాల్లోని దిఘా సముద్రం. అక్కకేమో అక్కడి జగన్నాథుడు కావాలి. దారిలో పూరీ ఉంది కదే అంటే, "ఆయన్ని రెండుసార్లు చూశాంరా. ఇది కొత్త గుడి, 2025 ఏప్రిల్ 30న తెరిచారు, టీవీలో చూపించారు" అంది. కొత్త రిలీజు ఆడుతుంటే పాత సినిమాకి ఎవరు పోతారు?

సరే, రాత్రి రైలెక్కండి, పొద్దున్న ఖరగ్‌పూర్‌లో దిగండి, స్టేషన్ నుంచి మలంచలో మా ఇంటికి టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో, నిమిషాల పని అన్నాను. కోరమాండల్, ఫలక్‌నుమా, ఈస్ట్ కోస్ట్ అన్నీ మా ఊళ్ళో ఆగుతాయి.

"పన్నెండు గంటలు రైల్లో ఎవడు కూచుంటాడోయ్? ఫ్లైటైతే గంటన్నర. కారు మాత్రం నువ్వు మాట్లాడు, మీ ఊరే కదా" అన్నారు.

రైల్వే ఊళ్ళో, రైల్వే పింఛను తినేవాడితో అనే మాటేనా ఇది? మా తాత బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికని శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికొచ్చి ఇక్కడే మట్టయ్యాడు. మా ప్లాట్‌ఫారం 1,072 మీటర్లు, ఒకప్పుడు ప్రపంచంలోనే పొడుగు. ఆ రికార్డు 2013లో గోరఖ్‌పూర్ ఎత్తుకుపోయింది, 2023లో దాన్ని హుబ్బళ్ళి లాక్కుంది. ఇప్పుడు బావగారి వంతు. పైగా కలకత్తా ఎయిర్‌పోర్టు మా ఊరేమిటి? మా గుమ్మానికి నూట నలభై కిలోమీటర్లు. విమానాలకి మాకు కొరత లేదనుకోండి. కలైకుండా వాయుసేన వాళ్ళవి రోజూ నెత్తిమీంచి పోతుంటే కిటికీ అద్దాలు గడగడలాడతాయి. కాకపోతే వాటిలో చుట్టాల్ని ఎక్కించరు.

మా మనవడి చేత ఫోన్లో ఒక యాప్ పెట్టించుకున్నాను. ఎయిర్‌పోర్టు నుంచి దిఘా అని కొట్టగానే పద్దెనిమిది వేలు చూపించింది. గుండె చిక్కబట్టుకుని మ్యాప్ చూస్తే గీత సముద్రం వైపు కాకుండా పైకి పోతోంది. పాట్నాలో గంగ ఒడ్డున ఇంకో దిఘా ఉందిట. పోనీ ముందు మా ఊరే కొడదామంటే, ముంగేర్ జిల్లాలో హవేలీ ఖరగ్‌పూర్ అని ఒకటుంది, దానికి తీసుకుపోతానంది. ఏది అడిగినా బీహారే. యాప్‌ని అనడానికి నాకు నోరు రాలేదు, ఇలాంటివి మా రైల్వేలోనూ ఉన్నాయి. ఊరి పేరు పక్కన 'రోడ్' అని రాశారంటే ఆ ఊరు అక్కడ లేదని మర్యాదగా చెప్పడం. శ్రీకాకుళం రోడ్‌లో దిగితే ఆమదాలవలస. ఒకప్పటి కాంటాయ్ రోడ్‌లో దిగితే బెల్దా, అక్కణ్ణించి కాంటాయ్‌కి సుమారు యాభై కిలోమీటర్లు. దిఘాకి 2004 నుంచి సొంత స్టేషనుంది, హౌరా నుంచి నేరుగా రైలు కూడా ఉంది. ఆ సంగతి బావగారి దగ్గర ఎత్తలేదు, ఉన్న మర్యాద పోగొట్టుకోవడం దేనికని.

చివరికి ఒక ట్రావెల్స్ అతనికి ఫోన్ చేశాను. దిఘాకి ఐదు వేల రెండు వందలన్నాడు. మధ్యలో ఖరగ్‌పూర్‌లో భోజనం అన్నాను. అవతల కాసేపు ఉలుకూ పలుకూ లేదు. కోలాఘాట్ దాటాక దిఘా బండి దక్షిణానికి తిరిగిపోవాలి, మా ఊరికి రావాలంటే తిన్నగా పడమటికి పోవాలి. "రూట్ మారిపోతుంది దాదా" అన్నాడు, జాతకం మారిపోతుందన్నట్టు. ఆ తర్వాత గ్యారేజీ టు గ్యారేజీ అన్నాడు. అంటే బావగారు ఎక్కకముందే, బండి షెడ్డులో కళ్ళు తెరిచినప్పటి నుంచీ బావగారు ఎక్కినట్టే లెక్క. దిగాక కూడా దిగినట్టు కాదు, బండి ఇల్లు చేరాలి. 1780లో వారెన్ హేస్టింగ్స్ ఈ తీరాన్ని తూర్పు దేశపు బ్రైటన్ అని మెచ్చుకుంటూ భార్యకి ఉత్తరం రాశాడంటారు. గవర్నర్ జనరల్ కాబట్టి ఆయన్ని ఎవరూ గ్యారేజీ అడిగి ఉండరు.

విమానం తొమ్మిది నలభైకి దిగింది. డ్రైవర్‌కి ఫోన్ చేస్తే "ఆష్ఛి దాదా" అన్నాడు. వస్తున్నానని అర్థం. అయితే బెంగాలీలు వెళ్ళేటప్పుడూ ఆ మాటే అంటారు, మనం వెళ్ళొస్తాం అన్నట్టు. అతను ఏ ఆష్ఛి అన్నాడో తేలడానికి యాభై నిమిషాలు పట్టింది. ఈలోగా చేతిలో అట్టముక్క పట్టుకుని నిలబడ్డాట్ట. దానిమీద మా బావగారి ఇంటిపేరు రసగుల్లాలా గుండ్రంగా తయారయ్యేసరికి, ఆ పేరు తనదేనని బావగారికి తట్టలేదు. ఎదురెదురుగా నిలబడి ఇద్దరూ నాకే ఫోన్ చేశారు.

ఇంటికొచ్చేసరికి మూడు. పప్పుచారు రెండోసారి వెచ్చబెట్టాం. "ఫ్లైట్ గంటా ఇరవై నిమిషాలేనోయ్!" అన్నారు బావగారు నడుం పట్టుకుని. వెయిటింగ్ గంటకి నూట యాభై అని డ్రైవర్ ముందే చెప్పాడు కాబట్టి గడియారం చూస్తూ తిన్నారు. కొత్తావకాయ వేస్తుంటే చెయ్యి అడ్డం పెట్టారు. మజ్జిగన్నం దగ్గరకొచ్చేసరికి రెండో గంట పడింది. ఆ సంగతి తెలిశాక మాత్రం ఇంకోసారి మారు వడ్డించుకున్నారు.

రాత్రి దిఘా నుంచి బావగారు ఫొటో పంపారు. సముద్రం ఫొటో కాదు. డ్రైవర్ రాసిచ్చిన చీటీ. బండి 5,200. ఖరగ్‌పూర్ తిరుగుడు 1,400. నివేదితా సేతు, ధూలాగఢ్, డెబ్రా టోళ్ళు, పార్కింగు కలిపి 520. వెయిటింగ్ 300. బత్తా 300. నైట్ చార్జీ 250, ఎందుకంటే రిసార్టు చేరేసరికి ఎనిమిదీ పది, అతనికి రాత్రి ఎనిమిదికే మొదలవుతుంది. మొత్తం 7,970. అక్కా బావల విమానం టిక్కెట్లు రెండూ కలిపి 7,800.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "ఏమోయ్, మీ ఊళ్ళో రైలెక్కితే తిన్నగా విశాఖలో దిగిపోతాం కదా. ఆదివారానికి రెండు టిక్కెట్లు చూడు."

చూశాను. వెయిటింగ్ లిస్టు 84, 85.