క్వింటా టిక్కెట్టు

లండన్‌లో ఎమ్మెస్ వెలగబెడుతున్న మన పర్చూరు మిర్చి రైతు కొడుక్కి, ఎడిన్‌బరోలో ఉన్న ఇంటర్ దోస్తు మీద బెంగ పుట్టింది. ఆఖరి నిమిషంలో కొంటే రైలుకు రానూపోనూ నూరు పౌన్లు దాటినా దాటుతుంది. 2025 ఫిబ్రవరిలో మిర్చి రేటు పడిపోతే, కేంద్రం ప్రకటించిన ధర క్వింటాకు 11,781 రూపాయలు. అంటే అటూ ఇటుగా ఆ నూరు పౌన్లే! ఒక్క పలకరింపుకు ఒక క్వింటా. అదీ గుంటూరు యార్డులో తరుగూ కమీషనూ తీయకముందు లెక్క.

వెళ్లాడు. కొండమీది కోట ముందు వణుకుతూ వీడియో కాల్ చేశాడు.

"ఇక్కడ చలి చూశావా నాన్నా!"

"చూశాన్రా. మన మిర్చి టిక్కీలు అక్కడే పడేస్తే కోల్డ్ స్టోరేజీ అద్దెన్నా మిగిలేది!"