జిప్పు పడిన కోటు

"రాళ్లు చూసేదానికి కాశ్మీర్ దాకా రావాల్నా బావా? మన ఆదోని కోటలో లేవా?" అన్నాడు మా బామ్మర్ది. మా ఊరు కోసిగిలో రైలు దిగి ఇన్నాళ్లయినా ఆ మాట నా చెవిలోంచి దిగడం లేదు.

గుల్మార్గ్ పోయే దారిలో బండి కాస్త పక్కకు తిప్పితే పరిహాసపురం. ఎనిమిదో శతాబ్దంలో లలితాదిత్యుడు కట్టించిన రాజధాని. దాదాపు నూటయాభై ఏళ్ల తర్వాత శంకరవర్మ అనే రాజు తన కొత్త పట్నం కోసం అక్కడి విలువైనవన్నీ ఎత్తుకుపోయాడని కల్హణుడు రాజతరంగిణిలో రాసిపెట్టాడు. మిగిలినవి పునాదులు, మెట్లు, పెద్ద పెద్ద బండలు. డ్రైవరు సరేనన్నాడు, మా ఆవిడా సరేనంది. బామ్మర్ది మాత్రం, 2024 జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్‌లో మంచే పడలేదని ఫోన్లో చదివాడంట, మనం పోయేలోపు ఉన్నది కూడా కరిగిపోతుందని ఒకటే తొందర. పరిహాసపురం అట్లా పోయింది.

దారిలో టంగ్‌మార్గ్‌లో అందరికీ అద్దె కోట్లు, గమ్‌బూట్లు. నాకు దొరికిన కోటు నాకంటే ఎక్కువ దేశం చూసింది. కుడి జేబులో నలిగిన వక్కపొడి పొట్లం, ఎడమ జేబులో పసిపిల్లల పాలపీక. ఇంకో లోపలి జేబు ఉన్నట్టుంది గానీ చెయ్యి పెడితే చిల్లులోంచి నేరుగా వీపు దాకా పోయింది. వాసన సంగతి అడగొద్దు, తడిసిన కుక్కా నాఫ్తలీను గోళీలూ కాపురం పెట్టినట్టుంది. జిప్పు మెడ దాకా సర్రున ఎక్కింది. ఇంక దిగదు! నేను లాగినా, మా ఆవిడ లాగినా, అంగడివాడు కొవ్వొత్తి రుద్దినా దిగదు. పర్సు చూస్తే లోపల చొక్కా జేబులో. గొండోలా రోప్‌వే టికెట్లు, టీలు, స్కీ అద్దె, అన్నీ బామ్మర్దే పెట్టుకున్నాడు. ఆ లెక్క ఇప్పుడు మా స్టేషన్ ముందర టీ అంగడికంతా కంఠతా వచ్చు. నేనిచ్చేసిన డబ్బు సంగతి మాత్రం ఒక్కరికీ తెలియదు.

2020 నుంచి ఖేలో ఇండియా శీతాకాలపు ఆటలు జరిగే కొండవాలు గుల్మార్గ్‌ది. అక్కడ స్కీల మీద నేను చేసిన ఘనకార్యం నిలబడటం. అదీ ఇద్దరు పట్టుకుంటే.

తర్వాత స్లెడ్జి. నా ఈడు మనిషి ఒకాయన తాడు భుజానికేసుకుని, రబ్బరు బూట్లతో మోకాలి లోతు మంచులో నన్ను ఎగువకు లాగాడు. నడుమ ఆగి రొప్పుతుంటే ఆయన ఆవిరి నా ముఖాన కొట్టింది. ఈ పని ఎన్నాళ్లుంటుందని అడిగితే, మంచున్నన్నాళ్లు అన్నాడు.

మా దిక్కు జనవరంటే సుగ్గి, అంటే వలస. పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకోతలకు పోయేవాళ్లు పోతారు. ఆ వారం మా వీధిలో వాళ్లిళ్లకూ తాళాలే, మా ఇంటికీ తాళమే. నన్ను ఊరంతా చలి ఎట్లుండె అని అడుగుతోంది. వాళ్లు తిరిగొస్తే అడిగేది ఒకటే, ఎంత మిగిలె అని.