నాలా డిజైన్‌కు కన్సల్టెంట్: చెవిన పెట్టకూడని సలహాలు

వరదనీటి నాలాల మరమ్మతులకు నిధులు మంజూరు కాగానే మున్సిపల్ ఆఫీసులో అందరూ సలహాదారులే. ఊళ్లను ముంచే సలహాలు కొన్ని అక్కడే పుడతాయి. ఉద్యోగంలో కొత్తగా చేరిన ఏఈలూ, ఫైలు మీద సంతకం పెట్టే కమిషనర్లూ వీటిని గుర్తుపట్టాలని రాస్తున్నాను.

"ఎల్1కి, అంటే అందరికన్నా తక్కువ ధర చెప్పినవాడికి ఇచ్చేయండి, ఆడిట్ గొడవ ఉండదు." అన్నిటికన్నా ఖరీదైన సలహా ఇదే. కన్సల్టెంట్ ఎంపికలో నాణ్యతకు 80 శాతం వరకు వెయిటేజీ ఇవ్వొచ్చని కేంద్రం 2017 ఆర్థిక నియమావళే చెబుతోంది. మీ రాష్ట్ర నిబంధనల్లో ఆ వీలు ఎంతుందో చూసుకుని, ఉన్నంత మేరా వాడుకోండి. ఫీజు కోసుకున్నవాడు ముందుగా కోసేది సర్వేనే.

ఆ సర్వే గురించే రెండో సలహా: "పాత మ్యాపులున్నాయిగా, మళ్లీ కొలవడం దేనికి?" దీని మీద మాత్రం ఎవరితోనైనా పోట్లాడండి. 500 మీటర్లకు ఒక మీటరు వాలుతో కట్టే నాలాలో 100 మీటర్లకు దిగేది 20 సెంటీమీటర్లే. కొలతలో 10 సెంటీమీటర్ల తేడా వస్తే సగం వాలు పోయినట్టే. పాత మ్యాపులో పూడిక ఉండదు, నాలాకు అడ్డంగా పోయిన మంచినీటి పైపు ఉండదు, రాత్రికి రాత్రి కలిపేసిన మురుగు లైను అసలే ఉండదు. మ్యాన్‌హోళ్లు తెరిచి లోతు, పూడిక మందం, అడుగు లెవెల్ రాసుకోవాలి. నీళ్లు చివరికి పడే చోటి లెవెల్ కూడా కావాలి. హైదరాబాద్ లాంటి గొలుసుకట్టు చెరువుల ఊళ్లో ఇది ప్రాణం. చెరువు నిండి అలుగు పారుతున్నప్పుడు నాలా మూతి నీళ్లలో మునిగిపోతే, పైన ఎంత వెడల్పు బాక్స్ డ్రెయిన్ కట్టినా నీరు వెనక్కి తన్ని కాలనీలోకే వస్తుంది. ఈ సర్వే ఒక్క వానైనా చూడకుండా పూర్తికాదు. అందుకే "నెలలో డీపీఆర్ ఇచ్చేయాలి" అనే షరతూ తప్పే.

"నీళ్లు నిలిచేచోట చేయిస్తే సరిపోతుంది" అంటారు కార్పొరేటర్లు. వాళ్ల బాధ నిజం. కానీ పై కాలనీలో వెడల్పు చేసి కింద వదిలేస్తే, ఆ నీళ్లన్నీ కింది బస్తీ మీద పడతాయి. పరీవాహక ప్రాంతమంతా కన్సల్టెంట్ పరిధిలో ఉండాలి.

"పాత వాన లెక్కనే తీసుకోమనండి, ఎస్టిమేట్ పెరగదు." ముంబయి పాత డ్రెయిన్లు గంటకు 25 మిల్లీమీటర్ల వాన లెక్కతో కట్టినవి. దాన్ని 50కి పెంచాలని 1993లోనే నివేదిక వచ్చింది. పనులు చాలావరకు మిగిలుండగానే 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్లు కురిసింది. 50 లెక్కతో కట్టినా ఆ వానను ఆపలేకపోయేవారు, నిజమే. కానీ ఏటా వచ్చే మామూలు కుండపోతలకు మునగకుండా ఉండేవారు. ఒక హెక్టారు మీద ఒక సెంటీమీటరు వాన పడితే లక్ష లీటర్లు. మట్టి నేలకు సిమెంటు పరిచాక అందులో ఎక్కువ భాగం నాలాకే వస్తుంది. మీ ఊరి వాన రికార్డునూ, వాననీటి డ్రైనేజీపై కేంద్రం 2019లో తెచ్చిన మాన్యువల్‌నూ ముందుపెట్టుకుని, ఏ లెక్క ఎందుకు తీసుకున్నాడో కన్సల్టెంట్‌తో రాయించుకోండి.

ఫీజును పని అంచనాలో శాతంగా పెట్టమనేవారూ ఉన్నారు. అప్పుడు, పూడిక తీసి అడ్డుపైపు మార్చితే చాలని నిజాయితీగా చెప్పినవాడే నష్టపోతాడు. డిజైన్‌కు ఒక మొత్తం, సర్వేకు కొలిచిన కిలోమీటరుకు ఇంత అని విడిగా ఇవ్వండి.

ఆఖరిది, "పీడీఎఫ్ ఇస్తే చాలు". చాలదు. లెవెల్స్, లెక్కలు, మోడల్ ఫైళ్లు ఊరి ఆస్తి అని ఒప్పందంలో రాయండి. అవన్నీ చేతికి వచ్చాకే చివరి బిల్లు పాస్ చేయండి.