ఒక్క యూరో కంపెనీ

జర్మనీలో పరిమిత బాధ్యత గల కంపెనీ పెట్టడానికి చట్టం అడిగే కనీస మూలధనం ఒక్కటంటే ఒక్క యూరో. ఈ మాట చెవిన పడ్డాక బెర్లిన్‌లోనో మ్యూనిక్‌లోనో ఉన్న మనవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. తెల్లారేసరికి పేరు, లోగో, విజిటింగ్ కార్డు మీద ‘మేనేజింగ్ డైరెక్టర్’ హోదా అన్నీ సిద్ధం. నేననేది ఏమిటంటే, ఒంటరిగా వ్యాపారం మొదలుపెట్టేవాడికి అక్కడున్న రూపాలన్నిట్లో చివరికి ఖరీదుగా తేలేది ఈ ఒక్క యూరోదే. కొన్నాళ్లు ఏ కంపెనీ లేకుండా సొంత పేరు మీద పని చేసుకోవడమే మేలు.

ఈ చవక కంపెనీ పుట్టుక వెనక ఒక కథ ఉంది. జీఎంబీహెచ్ అనే పరిమిత కంపెనీకి జర్మన్లు 1892లోనే చట్టం రాసుకున్నారు. దానికి ఇప్పుడు 25,000 యూరోల మూలధనం కావాలి. నగదైతే అందులో సగం రిజిస్ట్రేషన్‌కి ముందే జమ చేయాలి. 1999లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం సెంట్రోస్ కేసులో, ఒక సభ్యదేశంలో కంపెనీ పెట్టి వ్యాపారమంతా ఇంకో సభ్యదేశంలో చేసుకున్నా తప్పులేదంది. దాంతో జర్మన్లు ఇంగ్లండు వెళ్లి ఒక్క పౌండుతో లిమిటెడ్ కంపెనీలు పుట్టించి ఇంటికి తెచ్చుకోవడం మొదలెట్టారు. వాళ్లని ఆపడానికే 2008 నవంబరులో ఒక్క యూరో కంపెనీ వచ్చింది. ఆ లిమిటెడ్‌నే అంటిపెట్టుకున్న వాళ్ల సంగతి మాత్రం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. బ్రెగ్జిట్ గడువు ముగిసి 2021 జనవరి 1 వచ్చేసరికి, జర్మనీ నుంచే నడిచే ఇంగ్లిష్ లిమిటెడ్‌లకు అక్కడ పరిమిత బాధ్యత పోయింది. కంపెనీ అప్పు యజమాని మెడకే చుట్టుకుంది.

ఇక ఆ యూరో లెక్క. ముందు నోటరీ కావాలి. పత్రం మొత్తం ఆయన సమక్షంలో పైకి చదివి వినిపించాలని చట్టం. సత్యనారాయణ వ్రతంలో కథ చదువుతున్నట్టు అధ్యాయం తర్వాత అధ్యాయం సాగుతుంది, ప్రసాదం మాత్రం ఉండదు. జర్మన్ రానివాడికి అదంతా అనువాదం కూడా చేయించాలి, కాబట్టి కథ రెండుసార్లు. తర్వాత నోటరీ బిల్లు, కంపెనీల రిజిస్టరు రుసుము. చట్టమే ఇచ్చిన నమూనా పత్రం వాడుకుంటే, స్థాపన ఖర్చులో కంపెనీ తన మూలధనాన్ని మించి భరించకూడదు. మూలధనం ఒక యూరో కాబట్టి కంపెనీ ఒక యూరో ఇస్తుంది, మిగతాదంతా మనవాడి జేబులోంచే. ఆపైన వాణిజ్య మండలి సభ్యత్వం తప్పదు, ఏటా బ్యాలెన్స్ షీట్ తప్పదు. అచ్చం సర్కారు బిల్లుల్లా కనిపించే దొంగ ఉత్తరాలూ వస్తాయి, కొత్త కంపెనీల పేర్లు రిజిస్టరులో చూసి పంపేవాళ్లు తయారుగా ఉంటారు. ఈలోగా బాకీలు తీర్చలేకపోతే మూడు వారాల్లోపు దివాలా అర్జీ పెట్టాలి. ఆలస్యం చేస్తే డైరెక్టరుగారి మీద క్రిమినల్ కేసు. అదృష్టం కలిసొచ్చి లాభం వచ్చిందా, మూలధనం 25,000కి పెంచేదాకా ఏటా అందులో నాలుగోవంతు నిల్వకింద పక్కన పెట్టాల్సిందే.

‘అప్పులవాళ్లు ఇంటిమీద పడకుండా కంపెనీ అడ్డం ఉంటుంది కదా’ అంటారు. ఉంటుంది, కాగితం మీద. ఒక్క యూరో కంపెనీకి అప్పిచ్చే బ్యాంకు యజమాని సొంత హామీ అడక్కుండా ఇస్తుందా? ఆ సంతకం పెట్టాక అడ్డం ఎక్కడిది? తినుబండారాలో యంత్రాలో అమ్మేవాడి సంగతి వేరు, ఒప్పుకుంటాను. సరుకు వల్ల ఎవరికైనా హాని జరిగితే వచ్చే దావాకి సొంత ఆస్తి చాలదు. అలాంటివాడు బీమా తీసుకుని, కూడబెట్టి జీఎంబీహెచ్చే పెట్టాలి. ఆ 25,000 సర్కారుకి కట్టే ఫీజేమీ కాదు. కంపెనీ సొమ్ము, వ్యాపారానికి వాడుకోవచ్చు. కోడు రాసేవాడికీ ట్యూషన్ చెప్పేవాడికీ ఇంత హంగామా ఎందుకు?

కంపెనీ అంటే క్లయింట్ల దగ్గర గౌరవమట. 2022 ఆగస్టు నుంచి ఆ రిజిస్టరు ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. మూలధనం ఒక యూరో అని అందులో స్పష్టంగా ఉంటుంది. కార్డు మీది హోదా, రిజిస్టరులోని అంకె పక్కపక్కన పెట్టుకుని చూసే క్లయింటుకి ఏ రకం గౌరవం కలుగుతుందో ఊహించుకోవచ్చు. అన్నట్టు, కంపెనీ పెడితే వీసా చిక్కులు తప్పుతాయనుకునే విద్యార్థులకో మాట: వాటా కొనుక్కోవడం వేరు, కుర్చీలో కూర్చుని నడపడం వేరు. రెండోదానికి విదేశీయుల కార్యాలయం అనుమతి కావాలి.

అన్నిటికన్నా ముందు అడగాల్సినదీ, అందరూ మరిచిపోయేదీ మూసివేత. సొంత పేరు మీది వ్యాపారమైతే, బాకీలు లేకపోతే, ఊరి వ్యాపార నమోదు కార్యాలయంలో ఒక ఫారం నింపి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు. కంపెనీకైతే మళ్లీ నోటరీ. ‘మాకు బాకీ ఉన్నవాళ్లు రండి’ అని కాదు, ‘మేము బాకీ ఉన్నవాళ్లు రండి’ అని అధికారిక ప్రకటన. ఆపైన ఏడాది ఆగితేగానీ మిగిలిన డబ్బు పంచుకోకూడదు. ఆ ఏడాది పొడుగునా అకౌంటెంటు మాత్రం బిల్లు పంపుతూనే ఉంటాడు, ఒక్క యూరో పంచడానికి ఎదురుచూస్తున్న కంపెనీకి.