హెరాల్డు హీటరుకి ఎనిమిది తిరుగులేని వైద్యాలు

ఎచ్చెర్లలో ఉంటూ కారుకి హీటరెందుకని అడిగేవాళ్లు మీకు చాలామంది తగులుతారు. మేలో ఇక్కడ కారు తలుపు పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది, వాళ్లన్నది నిజమే. కానీ డిసెంబరనేది కూడా ఒకటి ఏడ్చింది కదా. తెల్లవారుజామునే లేచి చిలకపాలెం, రణస్థలం, నాతవలస దాటి, విజయనగరం మీదుగా శృంగవరపుకోట చేరి, అనంతగిరి ఘాటెక్కి అరకులో టిఫిను చేద్దామన్న సరదా ఎవరికుండదు? ఆ ఘాటులో మోకాళ్లు కొయ్యబారిపోతాయి. అద్దం లోపలంతా ఆవిరి పట్టేసి రోడ్డు కనబడదు. అప్పుడు హీటరు లాగితే, జ్వరం తగ్గుతున్నవాడి ఊపిరిలా ఓ గోరువెచ్చటి గాలి వస్తుంది. అంతే.

“మాది స్పోర్ట్స్ కారు కాదండీ, ఉత్త స్టాండర్డ్ హెరాల్డు” అని చిన్నబుచ్చుకోకండి. 1961 నుంచి మద్రాసులో తయారైన ఆ కారు రూపం గీసింది ఇటలీ డిజైనరు జొవాన్ని మికెలోట్టి. ఇంగ్లండులో అదే ఛాసిస్‌ని పొట్టి చేసి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చారు. అంటే మీ రేకుల షెడ్డులో ఉన్నది స్పిట్‌ఫైర్‌కి సొంత అన్నగారు. బోనెట్టు ఎత్తితే మడ్‌గార్డులతో సహా ముందుకి లేచి, 948 సీసీ ఇంజను మొత్తం చేతికి అందుతుంది. అలాంటి కారులో హీటరు నీరసపడితే ఎలా? కింది వైద్యాలు వరసగా చెయ్యండి. వరస తప్పితే హీటరు పొరపాటున బాగుపడిపోవచ్చు.

1. ముందుగా థర్మోస్టాట్ పీకేయండి

మనవైపు ఏ షెడ్డుకి వెళ్లి “కారు వేడెక్కుతోంది” అన్నా మొదటి వైద్యం ఇదే. “వాల్వు తీసీసినాం బావూ, ఇంక బయం నేదు, ఇంజినీ సల్లగుంటాది” అంటాడు మేస్త్రి. ఉంటుంది కూడా. నీళ్లు దాదాపు 82 డిగ్రీలకి వచ్చేదాకా వాటిని రేడియేటరు వైపు వెళ్లనివ్వకుండా ఆపడమే ఆ వాల్వు పని. అది లేకపోతే బండి స్టార్టయిన దగ్గర్నుంచీ నీళ్లు రేడియేటర్లో చల్లబడుతూనే ఉంటాయి. హీటరుకి వచ్చేవీ ఆ నీళ్లే. ఇంజను చల్లగా ఉండాలి, మన కాళ్లు మాత్రం వెచ్చగా ఉండాలి అని మొక్కుకోండి. కొత్త వాల్వు జోలికి మాత్రం పోకండి. అరచేతిలో పట్టే వస్తువుతో జబ్బు నయమైతే వైద్యానికి గౌరవమేముంది?

2. కూలెంటు దండగ, బోరు నీళ్లు పొయ్యండి

నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునే చిట్టెం చూశారుగా, అదే రేడియేటర్లోనూ పేరుకుంటుంది. ఇంజను దిమ్మ పోత ఇనుము కాబట్టి తుప్పు కూడా తోడవుతుంది. హీటరు కోర్‌లో గొట్టాలు బాగా సన్నం, పైగా కోర్ అనే ఆ చిన్న రేడియేటరు బండిలో ఓ మూల ఉంటుంది. మడ్డి వెళ్లి స్థిరపడటానికి అంతకన్నా అనువైన చోటు లేదు. కూలెంటూ శుద్ధి చేసిన నీళ్లూ చెరిసగం కలిపి, డబ్బా మీద రాసిన గడువుకి మారుస్తూ ఉంటే ఈ అందమంతా పోతుంది.

3. రేడియేటరు కారితే పసుపు వెయ్యండి

తరతరాల వైద్యం. వేడి నీళ్లలో పసుపు ఉబ్బి చిల్లు మూస్తుంది. దానికి లొంగకపోతే మిరియాల పొడి, అప్పటికీ కారుతుంటే గుడ్డు తెల్లసొన. ఉప్పొక్కటే తక్కువ, అది బోరు నీళ్లలో ఎలాగూ ఉంది. ఇక్కడ ఒక చిక్కుంది. ఏది చిల్లో, ఏది హీటరు కోర్‌లోని సన్నటి గొట్టమో పసుపుకి తెలియదు, రెండిటినీ సమానంగా మూసేస్తుంది. మూసుకుపోయిన కోర్‌ని విప్పి, నీళ్లు వచ్చే దారిన కాకుండా బయటికి పోయే దారి నుంచి గొట్టం పెట్టి, మెల్లగా ఎదురు కడిగితే పసుపూ, తుప్పూ, చిట్టెమూ బకెట్లో పడతాయి. అంత అసహ్యం మనం చూడకూడదు.

4. ఆ రెండు గొట్టాలూ ముట్టుకోకండి

ఇంజను గదిలోంచి కాబిన్ గోడలోకి రెండు రబ్బరు గొట్టాలు వెళ్తాయి. హీటరుకి నీళ్లు ఒకదాన్లో వచ్చి ఇంకోదాన్లో పోతాయి. పది కిలోమీటర్లు తిప్పి, బండి ఆపి, ఫ్యానుకి దూరంగా చెయ్యి పెట్టి రెండూ తడిమితే సగం జబ్బు అక్కడే తేలిపోతుంది. రెండూ కాలుతుంటే నీళ్ల వైపు తప్పు లేదు, తప్పంతా గాలి వైపు, అంటే బ్లోయరులోనో గాలి దారి మూతలోనో ఉంది. ఒకటి వేడి, ఒకటి చల్లన అయితే కోర్ మూసుకుపోయిందన్నా, హీటరుకి నీళ్లు వదిలే వాల్వు తెరుచుకోలేదన్నా అవ్వాలి. రెండూ గోరువెచ్చగా ఉంటే మొదటి వైద్యం ఎవరో ముందే చేసేశారు. ఇంత తేలిగ్గా తేలిపోతే సాయంత్రం టీకొట్టు దగ్గర మాట్లాడుకోవడానికేం మిగలదు. కాబట్టి చేతులు జేబులోనే పెట్టుకోండి.

5. నీళ్లు గబగబా పోసి మూత బిగించండి

బండి ముందు చక్రాలు ఎత్తు మీద ఉంచి, హీటరు వాల్వు పూర్తిగా తెరిచి, చల్లారిన ఇంజన్లో కొంచెం కొంచెంగా పోస్తే లోపలి గాలి బుడగలుగా బయటికొచ్చేస్తుంది. తొందర ఉన్నవాళ్లకి అది కుదరదు. ఒక్క బిందె దబ్బున కుమ్మరించండి. గాలి వెళ్లి హీటరు కోర్‌లో కూర్చుంటుంది, నీళ్లని అటు రానివ్వదు. డాష్‌బోర్డు వెనక గలగల వినిపిస్తే వంశధార పొంగిందనుకుని ఆనందించండి.

6. లివరు గట్టిగా లాగండి

డాష్‌బోర్డు మీది లివరు చివరిదాకా వచ్చింది కదా, ఇక వాల్వు కూడా చివరిదాకా తెరుచుకున్నట్టే లెక్క. బోనెట్టెత్తి చూడకండి. చూస్తే, కేబులు చివర్ని పట్టి ఉంచే చిన్న మర వదులై, లోపల లివరు బెత్తెడు కదిలితే ఇక్కడ వాల్వు చేతిపిడి వేలెడైనా కదలడం లేదని తెలుస్తుంది. పిల్లాణ్ణి సీట్లో కూర్చోబెట్టి లివరు ఆడించమని, మీరు వాల్వుని చూస్తూ కేబులు సరిచేసి స్క్రూడ్రైవరుతో మర బిగిస్తే పని ఐపోతుంది. ఐపోతే ఆదివారం మధ్యాహ్నం ఏం చేస్తాం?

7. కన్నాలు వదిలేసి పెద్ద బ్లోయరు కొనండి

వైర్లూ, పెడల్ కడ్డీలూ వెళ్లే కన్నాల చుట్టూ ఉండాల్సిన రబ్బర్లు ఏనాడో పొడిపొడిగా రాలిపోయి ఉంటాయి. తలుపు రబ్బర్లదీ అదే గతి. ఆ సందుల్లోంచి అనంతగిరి చలంతా నేరుగా మీ పాదాల మీదికొస్తుంది. రావాలి కూడా, ఘాటెక్కింది చలి కోసమే కదా. రబ్బర్లు కొనే డబ్బుకి ఇంకాస్త కలిపి పెద్ద మోటారు బిగించండి. బిగించేటప్పుడు ప్లస్సూ మైనస్సూ తారుమారు చేస్తే చప్పుడంతా వస్తుంది, గాలి మాత్రం రాదు.

ఒక్క విషయంలో ఎగతాళి లేదు. తలుపులు మూసిన కారులో కుంపటి గానీ బొగ్గులు గానీ పెట్టకండి. దాన్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. హీటరు గాలిలో పొగ వాసన వచ్చినా అద్దాలు దించి బండి ఆపెయ్యాలి.

8. మేలో హీటరు వైపు కన్నెత్తి చూడకండి

మండుటెండలో హైవే మీద బండ్లు ఆగిపోయాయి. హెరాల్డు ముల్లు ఎర్రగీత వైపు పాకుతోంది. అప్పుడెవరైనా “హీటరు పూర్తిగా తిప్పి, బ్లోయరు వేసి, అద్దాలు దించు” అంటే వాడికి ఎండదెబ్బ తగిలిందనుకోండి. హీటరు కోరంటే చిన్న రేడియేటరే కాబట్టి ఇంజను వేడిలో కొంత అటు లాగేసి, నీడ దొరికేదాకా బండిని నడిపిస్తుందన్నది వాడి వాదన. అరకు ఎక్కేటప్పుడూ ఇదే కిటుకు పనికొస్తుందంటాడు. ఆ మాట నిజమైతే మన వైద్యమంతా ఏం కావాలి? మేలో బండి వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకాం, బోరు నీళ్లు పోశాం, పసుపు వేశాం. వాటితోనే డిసెంబరులో హీటరు చచ్చింది. హీటరు చచ్చింది కాబట్టి మళ్లీ మేలో ఇంజనుని ఆదుకునే దిక్కు లేకుండా పోయింది. ఇంత పకడ్బందీగా అల్లుకున్న ఏర్పాటుని ఒక్క మాటతో చెడగొట్టనివ్వకండి.

గమనిక: పై ఎనిమిదిటినీ తలకిందులుగా చేసి, అంటే థర్మోస్టాట్ పెట్టి, కోరు కడిగి, కూలెంటు పోసి, గాలి తీసి, కేబులు బిగించి, కన్నాలు మూసి ఎవరైనా హీటరు బాగుచేసుకుంటే ఆ వేడికి మా పూచీ లేదు. అరకు చేరేలోపే స్వెట్టరు విప్పాల్సి వచ్చిందని మాకు ఫిర్యాదులు పంపొద్దు.