పనసచెక్క ఆత్మకథ

ఈ కథ చెబుతున్నది ఒక ప్యాలెట్. ఒంటికి చిల్లు పెట్టి, ఆ చిల్లులో బొటనవేలు దూర్చి పట్టుకునే వస్తువు గనక దానికి ‘నేను’ అనుకునే ధీమా ఎప్పుడూ అలవడలేదు. తన సంగతి చెప్పుకున్నా పక్కింటివాళ్ల సంగతిలాగే చెబుతుంది. కాబట్టి ఇందులో ప్యాలెట్ అని ఉన్నచోటల్లా మాట్లాడుతున్నది ఆ ప్యాలెటే.

దాని పుట్టుక బొబ్బిలి. అక్కడి వీణకు పనసదుంగే కావాలి. కుండా దండీ అతుకు లేకుండా ఒకే దుంగలోంచి తొలిచిన ఏకాండి వీణలకు ఆ ఊరు పేరు. దుంగ కోయగా మిగిలిన పలకలకు ఆ పేరుతో పనిలేదు. అలాంటి పలక ఒకటి శ్రీకాకుళంలో ఒక డ్రాయింగు మాస్టారి చేతికొచ్చింది. వీణ కావలసిన చెక్క రంగులపాలయిందని ప్యాలెట్ బాధపడలేదు. బాధపడ్డది మాస్టారే. కొత్త పనసచెక్క పసుప్పచ్చగా ఉంటుంది. దానిమీద ఎల్లో ఓకర్ పిండితే ఎంత పడిందో తెలియదు. తెలుపు పిండితే నీలం కలిసినట్టు కనిపిస్తుంది. ఆయన లిన్సీడ్ నూనె ముంచిన గుడ్డతో రుద్దారు, ఆరబెట్టారు, మళ్లీ రుద్దారు. కడుపు నిండా నూనె తాగిన చెక్క రంగులోని నూనెను పీల్చదు. పీల్చిందంటే రంగు కుంచెకు రాకముందే బిగుసుకుపోతుంది. తర్వాత కాలమే మిగతా పని చేసింది. పనస ఏళ్లకొద్దీ ముదురుతూ గోధుమరంగుకు దిగింది. ఇప్పుడు దాని నడిమిభాగం ఈ ప్రాంతపు గుళ్ల రాతికి దగ్గరగా ఉంటుంది. రాతి రంగు కలపాలంటే అది సగం పని అయిపోయినట్టే.

అంచు వెంట రంగుల వరస ఏనాడూ మారలేదు. బొటనవేలి పక్కన తెలుపు, తర్వాత కాడ్మియం ఎల్లో, ఎల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా, బర్న్‌ట్ అంబర్, అల్ట్రామెరైన్, చివర విరిడియన్. నలుపు లేదు. అంబర్‌లో అల్ట్రామెరైన్ కలిపితే నలుపు దానంతటదే వస్తుందని, కొన్న నలుపు గుడిని కాల్చిన గుడిలా చేస్తుందని మాస్టారి పట్టుదల. పట్టుదలలో సగం పిసినారితనమేమోనని ప్యాలెట్‌కు అనుమానం. అయినా ఫలితం బాగుండేది.

తూర్పుముఖం గుడిని బొమ్మ వేయాలంటే తెల్లవారేసరికి దాని ముందుండాలి. అరసవల్లిలో అదే అవస్థ. మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు పొద్దుటి కిరణాలు సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయని జనం తెల్లారకముందే బారులు తీరతారు. ఆ జనంలో ఈజిల్ నిలబెట్టడానికి జానెడు జాగా దొరకదు. గార మండలంలోని శ్రీకూర్మం తీరు వేరు. కూర్మనాథస్వామి పడమటికి తిరిగి ఉన్నాడు. అందుకే గుడికి తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. దీనికి భక్తులు చెప్పే కథలు వేరే ఉన్నాయి. బొమ్మలు వేసేవాడికి మాత్రం ఇది పెద్ద వెసులుబాటు: భోజనం చేసి, మధ్యాహ్నం ఎండ తగ్గాక బయల్దేరితే చాలు. పొద్దు వాలుతుంటే ఎండ స్వామి ఎదుటే పడుతుంది.

ఎటొచ్చీ ఆ ఎండ ఆగదు. నాలుగున్నరకు గోడమీద ఎల్లో ఓకర్ ఉంటుంది, అయిదున్నరకు సియెన్నా అవుతుంది, ఆ తర్వాత చూస్తుండగానే మొత్తం నీలంలోకి జారిపోతుంది. ఫ్రాన్సులో మొనే 1892, 1893లలో రువాన్ చర్చి ముఖభాగాన్ని ముప్పైకి పైగా కాన్వాసులమీద వేశాడు. అదీ పడమటి ముఖమే. ఎదుటి ఇంట్లో గది తీసుకుని, వెలుగు మారినప్పుడల్లా కాన్వాసు మార్చేవాడు. మాస్టారికి అన్ని కాన్వాసులు లేవు, శ్రీకూర్మంలో గదీ లేదు. ఆయన చేసిందల్లా ఒకే వేళకు మళ్లీ మళ్లీ వెళ్లడం. నూనెరంగు అందుకు సహకరించేది. అది నీరు ఇగిరి ఆరే రంగు కాదు. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది. నిన్నటి అంచు ఇవాళ కూడా కొంత తడిగా ఉంటుంది, దాన్ని మెత్తగా కలిపేయొచ్చు.

గుడి పక్కన గోంగూర అమ్మే ఒక ముసలామె ఉండేది. ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్లకు వచ్చినవాళ్లు ఆ ఆకు కొని వేస్తారు. ఒకరోజు ఆమె వెనకొచ్చి నిలబడింది.

“ఏటి బాబూ, గుడికి ఊదారంగు ఏస్తన్నావు? అక్కడ ఊదా ఎక్కడుంది?”

“నీ గంప నీడ చూడమ్మా. నల్లగా ఉందా?”

ఆమె వంగి చాలాసేపు చూసింది. “నేదు. వంకాయ రంగునాగుంది.”

“అదే వేశాను.”

“సరే, మరి తాబేలేదీ? తాబేలు నేకపోతే సీకూర్మం ఏటి బాబూ!”

మాస్టారు మారుమాట్లాడకుండా అంబర్‌లో కొంచెం ఓకర్ కలిపి, గోడ మొదట్లో ఒక చుక్క పెట్టారు. దూరం నుంచి చూస్తే అది రాయి. ఆమెకు మాత్రం తాబేలు.

లోపల ప్రదక్షిణ మంటపంలో పని ఇంకా కష్టం. అక్కడి రాతిస్తంభాల నిండా శాసనాలు. తెలుగువి ఎక్కువ, సంస్కృతం, ఒడియా కూడా ఉన్నాయి. మధ్వాచార్యుల శిష్యుడు, గంగరాజుల కాలంలో కళింగంలో అధికారం నెరపిన నరహరితీర్థుల శాసనం 1281 నాటిది. అక్షరాలను అక్షరాలుగా గీస్తే బొమ్మ కాస్తా నకలు కాగితమవుతుంది. మాస్టారు స్తంభానికి ముదురు బూడిదరంగు దట్టంగా పట్టించి, తడి ఆరకముందే కుంచె వెనక కొనతో సన్నగా గీరేవారు. కింది లేతరంగు బయటపడి రాతమీద వెలుగు తగిలినట్టుండేది. చదవబోతే ఒక్క ముక్క అర్థంకాదు, శాసనమని మాత్రం ఎవరైనా ఒప్పుకుంటారు. ఆ మంటపం గోడలమీద పాతకాలపు చిత్రకారులు సహజమైన రంగులతో వేసిన వైష్ణవ చిత్రాలున్నాయి. కొన్ని బాగా వెలిసిపోయాయి. అవి చూపిస్తూ మాస్టారు పిల్లలతో ఎక్కువ మాట్లాడేవారు కాదు. “ఎరుపు ఎక్కడెక్కడ పెట్టారో లెక్కపెట్టండి” అనేవారు, అంతే.

ఈ నేలకు చిత్రకారుల కరువెన్నడూ లేదు. చందమామ, యువ పాఠకులకు తెలిసిన వడ్డాది పాపయ్య 1921లో శ్రీకాకుళంలోనే పుట్టారు. విజయనగరంలో అంట్యాకుల పైడిరాజు చిత్రకళ బడి నడిపి ఎందరినో తయారుచేశారు. గోదావరి ఒడ్డున దామెర్ల రామారావు 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయినా, ఆయన వేసిన నది, జనం ఇవాళ్టికీ రాజమహేంద్రవరం గ్యాలరీలో ఉన్నాయి. అంతకు చాలాముందు, 1786 నుంచి 1793 దాకా, ఇంగ్లండు నుంచి వచ్చిన థామస్ డేనియల్, ఆయన సోదరుడి కొడుకు విలియం దేశమంతా తిరిగి కోటలూ గుళ్లూ గీసుకుపోయి లండన్లో నూనెరంగుల్లోకి ఎక్కించారు. వాళ్ల రోజుల్లో రంగుకు రేకు ట్యూబు లేదు. 1841లో జాన్ రాండ్ దానికి పేటెంటు తీసుకున్నాకే నూనెరంగు జేబులో పెట్టుకుని ఊరిబయటికి నడిచే వీలు కలిగింది.

ప్యాలెట్‌కు సవతి వచ్చింది మాస్టారి శిష్యురాలి సంచిలో. ఒక తెల్లటి ప్లాస్టిక్ పళ్లెం, దానికి తోడు యాక్రిలిక్ ట్యూబులు. 1950ల్లో అమెరికాలో బజారుకొచ్చిన ఈ రంగుకు టర్పెంటైన్ వాసన లేదు, నీళ్లు చాలు. పొద్దువాలే ఎండకు ఇదే సరైన జోడీ అని ఆ అమ్మాయి వాదన. నిజానికి ప్యాలెట్ కూడా కాదనలేకపోయింది. నూనెలో మాస్టారు ఒక నీడ దిద్దేలోగా ఆమె గోడా, మెట్లూ, కోనేటి అంచూ పట్టేసేది. శ్వేతపుష్కరిణి నీళ్లమీది మెరుపును పొడిపొడిగా లాగేది. కాకపోతే వేసవి వడగాలిలో ఆ రంగు పళ్లెంలోనే తోలు కట్టేది. పక్కన నీళ్ల స్ప్రే పెట్టుకుని కొట్టుకోవాల్సిందే. ఇంకో చిక్కుంది. తడిమీద కొంచెం లేతగా కనిపించి, ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. ఆమె తొలి శ్రీకూర్మాలన్నీ ఇంటికొచ్చేసరికి రాత్రివేళ శ్రీకూర్మాలయ్యాయి.

రాజీ ఒకటి కుదిరింది. యాక్రిలిక్ పొరమీద నూనెరంగు వేయొచ్చు, నూనెమీద యాక్రిలిక్ నిలవదు, ఊడొస్తుంది. కాబట్టి గుడి ఎదుట ఆమె పళ్లెం, ఇంటికొచ్చాక మాస్టారి పనసచెక్క. కింది పొరలు పలచన, పైపొరలకు నూనె ఎక్కువ. ఈ క్రమం తిరగబడితే రంగు పగుళ్లు తీస్తుందని ఆయన ఆమె చేత వల్లె వేయించారు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటలను నేలకు పడగొట్టింది. మాస్టారు అంతకుముందే అక్కడ ఒక పెద్ద కాన్వాసు వేసి ఉన్నారు: ఆకాశం సగానికిపైగా కప్పేసిన మట్టలు, కింద జీడిచెట్లు. తర్వాత అదే గట్టుమీద నిలబడితే కనిపించింది ఖాళీ ఆకాశం. ఇంటికొచ్చిన ఉద్దానం మనిషి ఒకడు ఆ బొమ్మముందు ఆగి, రంగుల గొడవ పట్టించుకోకుండా, “ఇది మా చిన్నాన్న తోట” అని చెట్లు వేలితో చూపించాడు. మాస్టారు గుర్తుపట్టేలా వేయాలనుకోలేదు. విరిడియన్‌లో ఓకర్ ఎంత కలపాలన్నదే ఆ రోజు ఆయన బాధ. ఆ ఆకుపచ్చ పెచ్చు ఇంకా ప్యాలెట్ అంచున, పైన పడ్డ పొరల కింద ఉంది.

1885 నాటి విజయనగరం గంటస్తంభం, మూడులాంతర్ల కూడలి సందడి మధ్య నిలబడలేక సగంలో ఆపిన కాన్వాసు గోడవారనే ఉంది. ఇప్పుడు గురుశిష్యుల కన్ను వంశధార ఒడ్డున శ్రీముఖలింగంమీద పడింది. మధుకేశ్వరుడి గుడి గోడల శిల్పాలకు పక్కవాటు ఎండ కావాలి. ఉదయమా సాయంత్రమా అన్నది ఇంకా తేలలేదు. తేలింది సంచి సంగతి ఒక్కటే.

“మాస్టారూ, టైటానియం వైటు అయిపోనాది. ఈసారి పెద్ద ట్యూబు తెండి.”

“నీ పళ్లేనికా, నా చెక్కకా?”

“రెండింటికీ. నా దానికి యాక్రిలిక్, మీ దానికి ఆయిలు. క్రితంసారి లాగ తారుమారు చెయ్యకండి.”